కన్‌స్ట్రక్టర్ రాయడం ఎలా: సగం నింపిన టికెట్ చేతికి రాకుండా

బస్సులో కండక్టర్ చేతిలోని మెషీన్ చూశారుగా. ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగుతారో అడిగి మీటలు నొక్కితే గానీ కాగితం బయటికి రాదు. వచ్చిన కాగితం మీద మాత్రం అన్నీ ఉంటాయి. "ముందు ఈ ఖాళీ టికెట్ పట్టుకోండి, ఊరి పేరు తర్వాత రాసిస్తా" అనే కండక్టర్ నాకైతే ఇంతవరకూ తగల్లేదు. జావాలో క్లాసులు రాసే మనం మాత్రం రోజూ చేసేది సరిగ్గా ఇదే. ముందు ఖాళీ ఆబ్జెక్ట్ పుట్టిస్తాం, తర్వాత ఒక్కో సెట్టర్ పిలిచి ఒక్కో విలువ పెడతాం, మధ్యలో ఒకటి మర్చిపోతాం.

"కన్‌స్ట్రక్టర్ అంటే ఆబ్జెక్ట్‌కి మొదటి విలువలు ఇచ్చేది" అని ల్యాబ్ రికార్డుల్లో రాస్తాం, వైవాలో అదే అప్పజెప్తాం. అందులో తప్పేమీ లేదు. కానీ విలువలు ఇవ్వడానికి సెట్టర్లు కూడా ఉన్నాయి కదా, మరి ఇది ఎందుకు అంటే నోరు పెగలదు. కన్‌స్ట్రక్టర్ ఉన్నది సరైన ఆబ్జెక్ట్ అయితేనే బయటికి పంపడానికి, లేకపోతే అసలు పుట్టనివ్వకపోవడానికి. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ ఒక్క పని కోసమే.

మొదలుపెట్టే ముందు ఒక మాట. కోడ్‌ని ఫోన్‌లో స్నేహితుడికి చదివి చెప్పినట్టు తెలుగు అక్షరాల్లోనే రాశాను. క్లాస్, న్యూ, దిస్, స్ట్రింగ్, ఇంట్ లాంటి జావా సొంత మాటల్నీ, జావాతో వచ్చే మెథడ్‌ల పేర్లనీ మీ ఎడిటర్‌లో ఇంగ్లిష్‌లో కొట్టండి. మనం పెట్టుకునే పేర్లు, అంటే నుంచి, వరకు, ఛార్జీ లాంటివి తెలుగులోనే ఉంచినా జావా కంపైలర్ ఒప్పుకుంటుంది. నమ్మకం లేకపోతే ఇప్పుడే ప్రయత్నించండి, సరదాగా ఉంటుంది.

మొదటి అడుగు: కన్‌స్ట్రక్టర్ లేకుండా రాసి చూడండి

క్లాస్ టికెట్ {
    స్ట్రింగ్ నుంచి;
    స్ట్రింగ్ వరకు;
    ఇంట్ ఛార్జీ;
}

మెయిన్‌లో ఈ ఒక్క లైన్ రాయండి:

టికెట్ టి = న్యూ టికెట్();

ఇప్పుడు టి.నుంచి, టి.వరకు, టి.ఛార్జీ మూడూ ప్రింట్ చేయండి. నల్, నల్, 0 అని వస్తుంది. నల్ అంటే అక్కడ ఏమీ లేదని.

మనం కన్‌స్ట్రక్టర్ రాయలేదు కదా, మరి న్యూ టికెట్() ఎలా పనిచేసింది? క్లాసులో ఒక్క కన్‌స్ట్రక్టర్ కూడా లేకపోతే కంపైలరే ఒకటి రాసి పెడుతుంది. దాన్నే డిఫాల్ట్ కన్‌స్ట్రక్టర్ అంటారు. దానికి ఆర్గ్యుమెంట్లు ఉండవు, అది చేసేదల్లా పై క్లాసు, అంటే ఈ క్లాసు దేన్ని ఎక్స్‌టెండ్ చేస్తుందో దాని కన్‌స్ట్రక్టర్‌ని పిలవడమే.

మరి ఆ నల్‌లు, సున్నా ఎవరు పెట్టారు? చాలామంది "డిఫాల్ట్ కన్‌స్ట్రక్టర్ పెట్టింది" అంటారు, అది కాదు. న్యూ అనగానే రెండు పనులు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. మొదట హీప్‌లో, అంటే జావా ఆబ్జెక్టులని ఉంచే మెమరీలో, చోటు దొరుకుతుంది. ఆ చోటు శుభ్రంగా తుడిచే ఇస్తారు: ఇంట్ అయితే 0, డబుల్ అయితే 0.0, బూలియన్ అయితే ఫాల్స్, స్ట్రింగ్ లాంటి రిఫరెన్స్ అయితే నల్. ఆ తర్వాతే కన్‌స్ట్రక్టర్ నడుస్తుంది. అంటే కన్‌స్ట్రక్టర్ మొదటి లైన్‌కి వచ్చేసరికే ఆబ్జెక్ట్‌కి చోటుంది, కాకపోతే అందులో ఏమీ లేదు. కన్‌స్ట్రక్టర్ అన్న పేరు చూసి ఆబ్జెక్ట్‌ని కట్టేది అదేనని అనుకుంటాం గానీ, స్థలం ఇచ్చేది న్యూ, ఇల్లు సర్దేది కన్‌స్ట్రక్టర్. పైథాన్ వాళ్లు దీనికి ఇనిట్ అని పేరు పెట్టడం ఇంకాస్త నిజాయితీగా అనిపిస్తుంది నాకు.

కళ్లతో చూడాలంటే జేడీకే, అంటే జావా ప్రోగ్రామ్‌లు రాయడానికి వాడే కిట్‌తో పాటే వచ్చే జావాపి అనే టూల్‌ని మైనస్ సి ఆప్షన్‌తో మీ క్లాస్ ఫైల్ మీద నడపండి. న్యూ ఒక లైన్‌లో, కన్‌స్ట్రక్టర్‌ని పిలిచే ఇన్వోక్‌స్పెషల్ వేరే లైన్‌లో విడివిడిగా కనిపిస్తాయి. లోపల కన్‌స్ట్రక్టర్ పేరు <ఇనిట్>. ఎర్రర్ వచ్చినప్పుడు స్టాక్ ట్రేస్‌లో, అంటే అది ఏ లైన్ల మీదుగా వచ్చిందో చూపే జాబితాలో, "టికెట్.<ఇనిట్>" అని కనబడితే కంగారు పడకండి, అది మీ కన్‌స్ట్రక్టరే.

ఆ నల్ ఇప్పుడు మనల్ని ఏమీ అనదు. మూడు ఫైళ్ల అవతల ఎవరో టి.నుంచి.లెంగ్త్() అని పిలిచినప్పుడు నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌గా పేలుతుంది. ఖాళీ టికెట్ పుట్టించింది ఒకరు, రాత్రి పదింటికి కాల్ అందుకునేది ఇంకొకరు.

రెండో అడుగు: కన్‌స్ట్రక్టర్ రాయండి

గుర్తుంచుకోవాల్సినవి రెండే. పేరు క్లాసు పేరే ఉండాలి. ముందు రిటర్న్ టైప్ ఉండకూడదు, వాయిడ్ కూడా.

టికెట్(స్ట్రింగ్ నుంచి, స్ట్రింగ్ వరకు, ఇంట్ ఛార్జీ) {
    దిస్.నుంచి = నుంచి;
    దిస్.వరకు = వరకు;
    దిస్.ఛార్జీ = ఛార్జీ;
}

పిలిచేటప్పుడు:

టికెట్ టి = న్యూ టికెట్("విజయవాడ", "గుంటూరు", 60);

ఇక్కడ దిస్ ఎందుకంటే, ఫీల్డ్ పేరూ పారామీటర్ పేరూ ఒకటే. దిస్ తీసేసి నుంచి = నుంచి అని రాస్తే పారామీటర్‌ని దానికే మళ్లీ ఇచ్చుకున్నట్టు. ఫీల్డ్ నల్‌గానే ఉండిపోతుంది, కంపైలర్ ఎర్రర్ ఇవ్వదు. కుడి చేతిలో ఉన్నది కుడి చేతికే అందించుకున్నట్టన్న మాట. ఫీల్డ్‌లకి ఫైనల్ పెడితే ఈ తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది, ఆ సంగతి నాలుగో అడుగులో చూద్దాం.

వాయిడ్ సంగతి మాత్రం నా సొంత అనుభవం. ఉద్యోగంలో చేరిన కొత్తలో బస్ అనే క్లాసుకి ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ రాశాను, లోపల సీట్లు = 40 అని. చేతి అలవాటు కొద్దీ ముందు వాయిడ్ అని కొట్టేశాను. కంపైల్ అయింది. రన్ అయింది. ప్రతి బస్సూ ఫుల్ అని చూపించింది. సగం రోజు డేటాబేస్‌ని అనుమానించాను, మధ్యాహ్నం నుంచి పక్క సీటు అతన్ని అనుమానించాను. జరిగిందేమిటంటే, వాయిడ్ పెట్టగానే అది బస్ అనే పేరున్న మామూలు మెథడ్ అయిపోయింది. క్లాసులో కన్‌స్ట్రక్టర్ లేదు కాబట్టి కంపైలర్ తన డిఫాల్ట్‌ది పెట్టుకుంది. సీట్లు సున్నా. నేను రాసిన మెథడ్‌ని పిలిచిన పాపాన పోయినవాళ్లు లేరు. ఎడిటర్ ఆ పేరు కింద పసుపు గీత గీసే ఉంది, నేనే చూడలేదు. ఆర్గ్యుమెంట్లు ఉన్న కన్‌స్ట్రక్టర్ అయితే ఈ తప్పు కంపైల్ దగ్గరే ఆగిపోతుంది. ఆర్గ్యుమెంట్లు లేనిదే ప్రమాదం.

మూడో అడుగు: పాత కోడ్ ఎందుకు విరిగిందో చూడండి

రెండో అడుగు అయ్యాక, మొదటి అడుగులో రాసిన న్యూ టికెట్() అన్న లైన్ కింద ఎర్ర గీత వచ్చి ఉంటుంది. "కన్‌స్ట్రక్టర్ టికెట్ ఇన్ క్లాస్ టికెట్ కెనాట్ బి అప్లైడ్ టు గివెన్ టైప్స్" అన్నది ఆ మెసేజ్. మీరు ఒక్క కన్‌స్ట్రక్టర్ రాసినా చాలు, కంపైలర్ ఇక తనది ఇవ్వడం మానేస్తుంది.

ఇక్కడ చాలామంది చేసే పని: ఎర్ర గీత పోవాలని వెంటనే ఖాళీ కన్‌స్ట్రక్టర్ ఒకటి రాసేయడం. ఆగండి. ఆ ఎర్ర గీత మీ మేలు కోరేదే. ఖాళీ టికెట్లు పుట్టిస్తున్న చోట్లన్నీ లిస్ట్ వేసి మీ చేతిలో పెడుతోంది. ఒక్కో చోటికీ వెళ్లి మూడు విలువలూ ఇవ్వండి. ఎక్కడైనా ఇవ్వడానికి విలువ దొరకలేదంటే, ఆ చోట టికెట్ పుట్టించే సమయం ఇంకా రాలేదని అర్థం.

ఒక మినహాయింపు ఉంది. డేటాబేస్‌తో పనిచేయడానికి జేపీఏ అనే జావా పద్ధతి వాడే ప్రాజెక్టుల్లో, డేటాబేస్ టేబుల్‌కి జతగా రాసే ఎంటిటీ క్లాసుకి ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ తప్పనిసరి, ఎందుకంటే డేటాబేస్ నుంచి వరుసలు తెచ్చి ఆబ్జెక్టులుగా మార్చే ఫ్రేమ్‌వర్క్‌కి అది కావాలి. అప్పుడు దాన్ని పబ్లిక్‌గా కాకుండా ప్రొటెక్టెడ్‌గా పెట్టండి. ఫ్రేమ్‌వర్క్ పని జరిగిపోతుంది, ఇతర ప్యాకేజీల్లో పనిచేసే మీ టీమ్ వాళ్లు పొరపాటున దాన్ని పిలవలేరు.

నాలుగో అడుగు: గేటు దగ్గరే ఆపండి

అసలు పని ఇక్కడుంది. ఇప్పటిదాకా రాసిన కన్‌స్ట్రక్టర్ ఏది ఇస్తే అది తీసుకుంటోంది. న్యూ టికెట్(నల్, "", -500) అన్నా కిక్కురుమనదు. టికెట్‌ని టికెట్ అనాలంటే ఏమేం నిజం కావాలో ముందు కాగితం మీద మామూలు తెలుగులో రాసుకోండి. ఎక్కే ఊరు ఉండాలి. దిగే ఊరు ఉండాలి. రెండూ ఒకటి కాకూడదు. ఛార్జీ మైనస్‌లో ఉండకూడదు. తర్వాత ఒక్కో వాక్యాన్నీ ఒక్కో ఇఫ్‌గా మార్చండి:

టికెట్(స్ట్రింగ్ నుంచి, స్ట్రింగ్ వరకు, ఇంట్ ఛార్జీ) {
    ఇఫ్ (నుంచి == నల్ || నుంచి.ఈజ్‌బ్లాంక్())
        త్రో న్యూ ఇల్లీగల్‌ఆర్గ్యుమెంట్‌ఎక్సెప్షన్("ఎక్కే ఊరు లేదు");
    ఇఫ్ (వరకు == నల్ || వరకు.ఈజ్‌బ్లాంక్())
        త్రో న్యూ ఇల్లీగల్‌ఆర్గ్యుమెంట్‌ఎక్సెప్షన్("దిగే ఊరు లేదు");
    ఇఫ్ (నుంచి.ఈక్వల్స్(వరకు))
        త్రో న్యూ ఇల్లీగల్‌ఆర్గ్యుమెంట్‌ఎక్సెప్షన్("ఎక్కిన చోటే దిగడమా: " + నుంచి);
    ఇఫ్ (ఛార్జీ < 0)
        త్రో న్యూ ఇల్లీగల్‌ఆర్గ్యుమెంట్‌ఎక్సెప్షన్("ఛార్జీ తప్పు: " + ఛార్జీ);
    దిస్.నుంచి = నుంచి;
    దిస్.వరకు = వరకు;
    దిస్.ఛార్జీ = ఛార్జీ;
}

చివరి ఇఫ్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. చేయి ఊరుకోక ఛార్జీ <= 0 అని రాసేవాళ్లు ఎక్కువ. డబ్బుల్లేకుండా టికెట్ ఏమిటి అని అనిపించడం సహజం. కానీ తెలంగాణలో 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఆర్టీసీ కండక్టర్లు మహిళలకు కొట్టి ఇస్తున్నది జీరో టికెట్. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో అదే వచ్చింది. ఛార్జీ సున్నా అయినా అది పూర్తి టికెట్టే: ఎక్కిన చోటు, దిగే చోటు అన్నీ ఉంటాయి. కన్‌స్ట్రక్టర్‌లో షరతు పెట్టే ముందు "ఇది ఎప్పటికీ తప్పేనా, లేక నేను ఇంతవరకూ చూడలేదా" అని మిమ్మల్ని మీరు అడగండి. రెండోది అయితే షరతు పెట్టకండి.

ఎక్సెప్షన్ విసిరితే ఏమవుతుంది? న్యూ ఏమీ తిరిగి ఇవ్వదు. టికెట్ టి = అన్న వైపు ఏదీ చేరదు. హీప్‌లో తీసుకున్న చోటుని, ఎవరూ వాడని ఆబ్జెక్టులని తీసేసే గార్బేజ్ కలెక్టర్ ఊడ్చేస్తుంది. తప్పు టికెట్ ఎవరి చేతికీ వెళ్లలేదు, పైగా స్టాక్ ట్రేస్ సరిగ్గా తప్పు చేసినవాళ్ల లైన్ నంబరే చూపిస్తుంది. రాత్రి పదింటి కాల్ ఇక సరైన మనిషికే వెళ్తుంది.

ఇప్పుడు ఫీల్డ్‌ల ముందు ప్రైవేట్ ఫైనల్ అని చేర్చండి. ఫైనల్ ఫీల్డ్‌కి కన్‌స్ట్రక్టర్ పూర్తయ్యేలోగా విలువ ఇవ్వకపోతే కంపైలర్ ఒప్పుకోదు. రెండో అడుగులో దిస్ మర్చిపోయిన తప్పు గుర్తుందిగా, అది ఇక కంపైలే కాదు. ఒకసారి పెట్టిన విలువ ఎవరూ మార్చలేరు కూడా, కాబట్టి గేటు దగ్గర చేసిన తనిఖీ ఆ ఆబ్జెక్ట్ ఉన్నంతకాలం చెల్లుతుంది. సెట్టర్లు తీసేయండి. గెట్టర్లు చాలు.

లిస్ట్ లాంటివి తీసుకుంటే ఇంకో జాగ్రత్త. ఒకే టికెట్ మీద నలుగురు ప్రయాణికులు ఉన్నారని లిస్ట్ ఇచ్చారనుకోండి. దిస్.ప్రయాణికులు = ప్రయాణికులు అని రాస్తే మీ దగ్గరున్నదీ బయటివాళ్ల దగ్గరున్నదీ ఒకటే లిస్ట్. టికెట్ కొట్టాక వాళ్లు అందులో అయిదో పేరు చేర్చితే మీ టికెట్‌లోనూ చేరిపోతుంది. ఫైనల్ ఉన్నా ఆపలేదు, ఎందుకంటే మారింది లిస్ట్ లోపల. లిస్ట్.కాపీఆఫ్(ప్రయాణికులు) అని నకలు తీసి పెట్టుకోండి. ఇది జావా 10 నుంచి ఉంది.

అయిదో అడుగు: ఒకటికి మించి కన్‌స్ట్రక్టర్లు కావాలంటే

జీరో టికెట్‌కి ప్రతిసారీ 0 అని ఇవ్వడం విసుగనిపించి ఇంకో కన్‌స్ట్రక్టర్ రాద్దామనుకుంటాం. రాయవచ్చు. కానీ నాలుగు ఇఫ్‌లనూ మళ్లీ కాపీ కొట్టకండి:

టికెట్(స్ట్రింగ్ నుంచి, స్ట్రింగ్ వరకు) {
    దిస్(నుంచి, వరకు, 0);
}

దిస్ పక్కన బ్రాకెట్ పెడితే ఇదే క్లాసులోని ఇంకో కన్‌స్ట్రక్టర్‌ని పిలిచినట్టు. తనిఖీలన్నీ ఒక్కచోటే ఉంటాయి, మిగతావన్నీ ఆ చోటికే దారి తీస్తాయి. ఎన్ని కన్‌స్ట్రక్టర్లు ఉన్నా అసలు గేటు ఒకటే ఉండాలి.

అయితే ఈ రెండు ఆర్గ్యుమెంట్ల కన్‌స్ట్రక్టర్ నాకు నచ్చదు. న్యూ టికెట్("వరంగల్", "హనుమకొండ") అన్న లైన్ చదివిన కొత్త వ్యక్తి, ఛార్జీని లోపల లెక్కకడతారేమో అనుకోవచ్చు. ఇది ఉచిత టికెట్ అని ఆ లైన్‌లో ఎక్కడా లేదు. కన్‌స్ట్రక్టర్‌కి ఉన్న పెద్ద లోటే ఇది: దానికి వేరే పేరు పెట్టుకునే స్వేచ్ఛ లేదు. అలాంటప్పుడు పేరున్న స్టాటిక్ మెథడ్ రాసుకోండి:

స్టాటిక్ టికెట్ జీరో(స్ట్రింగ్ నుంచి, స్ట్రింగ్ వరకు) {
    రిటర్న్ న్యూ టికెట్(నుంచి, వరకు, 0);
}

ఇప్పుడు టికెట్.జీరో("వరంగల్", "హనుమకొండ") అని పిలుస్తాం. చదవగానే తెలిసిపోతుంది.

పేరు లేకపోవడం, పారామీటర్లు గజిబిజిగా ఉండడం ఎంత దూరం తీసుకెళ్తాయో చూడాలంటే జావాలోనే ఉన్న పాత డేట్ క్లాసు చూడండి. న్యూ డేట్(2025, 1, 15) అంటే 2025 జనవరి 15 అని ఎవరైనా అనుకుంటారు. నిజంగా వచ్చేది 3925 ఫిబ్రవరి 15. ఎందుకంటే ఆ కన్‌స్ట్రక్టర్ సంవత్సరానికి 1900 కలుపుతుంది, నెలల్ని సున్నా నుంచి లెక్కపెడుతుంది. మూడూ ఇంట్‌లే కాబట్టి కంపైలర్‌కి అనుమానం రాదు. 1997లో వచ్చిన జేడీకే 1.1లోనే దీన్ని వాడొద్దని గుర్తు వేశారు. పాత కోడ్ విరగకూడదు కాబట్టి ఇప్పటికీ అలాగే ఉంది. జావా 8లో వచ్చిన లోకల్‌డేట్‌కి పబ్లిక్ కన్‌స్ట్రక్టర్ లేనే లేదు. లోకల్‌డేట్.ఆఫ్(2025, 1, 15) అని రాస్తాం, జనవరే వస్తుంది. నెల దగ్గర 13 ఇస్తే ఎక్సెప్షన్ విసురుతుంది. పాత డేట్ అయితే 13ని కూడా మింగేసి తర్వాతి ఏడాదిలోకి జరిగిపోతుంది.

మన టికెట్‌లోనూ చిన్న గొయ్యి ఉంది. నుంచి, వరకు రెండూ స్ట్రింగ్‌లే. తారుమారుగా ఇస్తే గుంటూరు వెళ్లాల్సినవాళ్లకి విజయవాడ టికెట్ వస్తుంది, ఏ ఇఫ్ కూడా పట్టుకోదు. ఊరు అనే చిన్న క్లాసు చేసినా ఇది పోదు, రెండూ ఊళ్లే కదా. పారామీటర్ల పేర్లని పిలిచే చోట చూపించే సౌకర్యం ఎడిటర్‌లో ఉంటే ఆన్ చేసుకోండి. నేను ఇంతకంటే మంచి మందు చూడలేదు.

ఆరో అడుగు: ఇన్‌హెరిటెన్స్ వస్తే వరుస చూసుకోండి

కన్‌స్ట్రక్టర్లు వారసత్వంగా రావు. ఇది వైవాలో తప్పక అడుగుతారు. కింది క్లాసు తన కన్‌స్ట్రక్టర్ తానే రాసుకుని, సూపర్(...) అని పై క్లాసుదాన్ని పిలవాలి. మీరు రాయకపోతే కంపైలర్ ఆర్గ్యుమెంట్లు లేని సూపర్()ని పెడుతుంది. మన టికెట్‌కి అలాంటి కన్‌స్ట్రక్టర్ లేదు కాబట్టి అది ఎర్రర్ అవుతుంది.

క్లాస్ స్లీపర్‌టికెట్ ఎక్స్‌టెండ్స్ టికెట్ {
    ప్రైవేట్ ఫైనల్ స్ట్రింగ్ బెర్త్;

    స్లీపర్‌టికెట్(స్ట్రింగ్ నుంచి, స్ట్రింగ్ వరకు, ఇంట్ ఛార్జీ, స్ట్రింగ్ బెర్త్) {
        సూపర్(నుంచి, వరకు, ఛార్జీ);
        దిస్.బెర్త్ = బెర్త్;
    }

    వాయిడ్ ప్రింట్() {
        "బెర్త్: " + బెర్త్ అని తెర మీద చూపించు
    }
}

ఇప్పుడు ఒక తప్పు కావాలని చేద్దాం. టికెట్ క్లాసులో ప్రింట్() అనే మెథడ్ ఉందనుకుని, టికెట్ కన్‌స్ట్రక్టర్ చివర ప్రింట్(); అని పిలవండి. టికెట్ పుట్టగానే కాగితం వచ్చేయాలి కదా, ఆలోచన బాగానే ఉంది. న్యూ స్లీపర్‌టికెట్("హైదరాబాద్", "తిరుపతి", 1200, "లోయర్ 7") అని నడపండి. తెర మీద వచ్చేది: బెర్త్: నల్.

లోయర్ 7 అని ఇచ్చాం కదా, ఏమైంది? వేలు పెట్టి వరుసగా చదవండి. న్యూ చోటు తీసుకుంది, బెర్త్‌తో సహా అన్నీ నల్, సున్నా. స్లీపర్‌టికెట్ కన్‌స్ట్రక్టర్ మొదలైంది. మొదటి లైనే సూపర్, కాబట్టి పైకి వెళ్లింది. టికెట్ కన్‌స్ట్రక్టర్ తన మూడు ఫీల్డ్‌లు నింపి ప్రింట్() పిలిచింది. పుడుతున్నది స్లీపర్‌టికెట్ కాబట్టి నడిచేది దాని ప్రింట్(). అది బెర్త్ చూసింది. దిస్.బెర్త్ = బెర్త్ అన్న లైన్ ఇంకా రానే లేదు. నల్ చూపించింది. ఆ తర్వాతే కిందికి వచ్చి బెర్త్ నింపుకుంది. ఫైనల్ ఫీల్డ్ నల్‌గా కనిపించడమేమిటని ఎవరైనా అడిగితే ఈ ప్రోగ్రామ్ చూపించండి.

అందుకే కింది క్లాసు మార్చగలిగే మెథడ్‌ని కన్‌స్ట్రక్టర్‌లోంచి పిలవకండి. పిలవక తప్పకపోతే ఆ మెథడ్‌ని ప్రైవేట్ లేదా ఫైనల్ చేయండి. ఇదే లెక్కన కన్‌స్ట్రక్టర్ మధ్యలో దిస్‌ని బయట ఏ లిస్ట్‌లోనూ వేయకండి, ఇంకో థ్రెడ్‌కి ఇవ్వకండి. ఆ తర్వాతి లైన్‌లో ఎక్సెప్షన్ వచ్చినా సగం టికెట్ అప్పటికే బయట తిరుగుతూ ఉంటుంది.

జావా 25లో ఇక్కడ ఒక మార్పు వచ్చింది. అంతకుముందు సూపర్(...) లేదా దిస్(...) రాస్తే అదే మొదటి లైన్ అయి తీరాలి. ఇప్పుడు దానికంటే ముందు తనిఖీలు చేయవచ్చు, సొంత ఫీల్డ్‌లకి విలువలూ ఇవ్వవచ్చు. పై ప్రోగ్రామ్‌లో దిస్.బెర్త్ = బెర్త్‌ని సూపర్ కంటే పైకి జరిపి జావా 25లో నడపండి, లోయర్ 7 అనే వస్తుంది. అలాగని కన్‌స్ట్రక్టర్‌లో ప్రింట్ పిలవడం మంచి అలవాటైపోదు. కింది క్లాసు రాసేవాళ్లందరూ ఈ జాగ్రత్త గుర్తుంచుకుంటారని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఏడో అడుగు: కన్‌స్ట్రక్టర్‌లో పెట్టకూడనివి

డేటాబేస్ కనెక్షన్, ఫైల్ చదవడం, నెట్‌వర్క్ కాల్. టెస్ట్ రాసేటప్పుడు ఒక్క టికెట్ కోసం సర్వర్ ఆన్‌లో ఉండాల్సి వస్తే ఎందుకు వద్దో మీకే తెలుస్తుంది. ఛార్జీ ఎక్కడినుంచో తేవాలంటే ముందే తెచ్చి, అంకెని మాత్రం కన్‌స్ట్రక్టర్‌కి ఇవ్వండి.

వేరే భాషల్లో అయితే

పైథాన్‌లో చోటు ఇచ్చే పనికి అండర్‌స్కోర్ల మధ్య న్యూ, నింపే పనికి అండర్‌స్కోర్ల మధ్య ఇనిట్ అని రెండు వేర్వేరు మెథడ్‌లు ఉన్నాయి. రోజువారీ పనికి ఇనిట్ ఒక్కటే రాస్తాం. అక్కడ ఓవర్‌లోడింగ్ (ఒకే పేరుతో వేర్వేరు ఆర్గ్యుమెంట్లు తీసుకునే మెథడ్‌లు రాయడం) లేదు, రెండు ఇనిట్‌లు రాస్తే రెండోది మొదటిదాన్ని తుడిచేస్తుంది. డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్లతో సర్దుకోవాలి. పేర్లతో ఆర్గ్యుమెంట్లు ఇవ్వవచ్చు కాబట్టి మన నుంచి, వరకు తారుమారు గొడవ అక్కడ చాలావరకు ఉండదు.

సీ ప్లస్ ప్లస్‌లో ఆరో అడుగులోని ప్రింట్‌ని వర్చువల్‌గా, అంటే కింది క్లాసు మార్చుకోగలిగేలా పెట్టి అదే ప్రోగ్రామ్ రాస్తే ఫలితం వేరు. పై క్లాసు కన్‌స్ట్రక్టర్ నడుస్తున్నంతసేపూ ఆ ఆబ్జెక్ట్ పై క్లాసుదే, కాబట్టి టికెట్ ప్రింట్ నడుస్తుంది, స్లీపర్‌టికెట్‌ది కాదు. రెండు భాషలూ రాసేవాళ్లు ఇక్కడ తడబడతారు. సీ ప్లస్ ప్లస్‌ని తయారుచేసిన స్ట్రౌస్ట్రప్ 1979లో బెల్ ల్యాబ్స్‌లో మొదలుపెట్టి, సీ విత్ క్లాసెస్ అని పిలుచుకున్న తొలి రూపంలో ఈ కన్‌స్ట్రక్టర్‌ని న్యూ ఫంక్షన్ అనేవారు.

జావాలోనే 16వ వెర్షన్ నుంచి రికార్డ్‌లు ఉన్నాయి. మన టికెట్ క్లాసులో ఫీల్డ్‌లు, దిస్ లైన్లు, గెట్టర్లు అన్నీ పోయి ఇంతే మిగులుతుంది:

రికార్డ్ టికెట్(స్ట్రింగ్ నుంచి, స్ట్రింగ్ వరకు, ఇంట్ ఛార్జీ) {
    టికెట్ {
        ఇఫ్ (ఛార్జీ < 0)
            త్రో న్యూ ఇల్లీగల్‌ఆర్గ్యుమెంట్‌ఎక్సెప్షన్("ఛార్జీ తప్పు: " + ఛార్జీ);
    }
}

లోపలి టికెట్ పక్కన బ్రాకెట్ లేదు చూశారా. దాన్ని కాంపాక్ట్ కన్‌స్ట్రక్టర్ అంటారు. తనిఖీలు మాత్రం మీరు రాస్తే చాలు, ఫీల్డ్‌లు నింపే పని జావా చూసుకుంటుంది. మిగతా మూడు ఇఫ్‌లు మీరే చేర్చుకోండి. రికార్డ్‌ని ఎవరూ ఎక్స్‌టెండ్ చేయలేరు కాబట్టి ఆరో అడుగు టెన్షన్ కూడా లేదు.

ఇక మీ పాత ప్రాజెక్ట్ తెరవండి. న్యూ తర్వాత ఖాళీ బ్రాకెట్, ఆ కిందే వరుసగా నాలుగైదు సెట్ లైన్లు ఉన్న చోటు వెతకండి. దొరికిన మొదటి క్లాసుని తీసుకుని, అందులో ఎప్పటికీ ఖాళీగా ఉండకూడని ఫీల్డ్‌లు ఏవో కాగితం మీద రాయండి. వాటితో ఒక కన్‌స్ట్రక్టర్ రాసి, సెట్టర్లు తీసేసి, కంపైల్ నొక్కండి. నేను మొదటిసారి ఇలా చేసినప్పుడు పదిహేడు ఎర్రర్లు వచ్చాయి. అందులో మూడు చోట్ల ఒక ఫీల్డ్‌కి ఎవరూ ఎప్పుడూ విలువ పెట్టలేదు.